రౌతు కొద్దీ గుర్రం

“రౌతు కొద్దీ గుర్రం” అని మన పెద్దలు అంటారు. గుర్రం నడక దానిమీద కూర్చున్న మనిషినిబట్టి ఉంటుందని ఈ సామెతకు అర్థం. ఒక రౌతు ఎక్కితే బుద్ధిగా నడిచే గుర్రమే, మరొకడు ఎక్కగానే చెవులు రిక్కించి, ముక్కుపుటాలు ఎగరేసి, ముందుకాళ్లు పైకెత్తుతుంది. గుర్రం అదే, జీను అదే, దారీ అదే. మారింది మనిషి ఒక్కడే. పోనీ ఆ మనిషి ఏమైనా అన్నాడా? నోరు మెదపలేదు. అతని ముఖం చూసి పోల్చుకుందామంటే వీపుమీద ఉన్నాడాయె! మరి ఆ కొత్తవాడి గుండెలో గుబులుందని గుర్రానికి ఎవరు చెప్పారు?

ఈ ప్రశ్నకు జవాబు తెలియడం గుర్రపు పోలీసులకు చాలా అవసరం. కలకత్తా పోలీసుల్లో గుర్రపు దళం 1840 నుంచీ ఉంది. అక్కడి మైదానంలో ఫుట్‌బాల్ పోటీలప్పుడు జనాన్ని అదుపు చేసేది వాళ్లే. మన హైదరాబాదు పోలీసులకూ గుర్రపు దళం ఉంది. కార్లూ, మోటారు సైకిళ్లూ వచ్చాక కూడా గుర్రం ఎందుకు అంటారా? గుర్రంమీద కూర్చున్న మనిషి కళ్లు సుమారు ఎనిమిది అడుగుల ఎత్తున ఉంటాయి. ఎక్కడ తొక్కిసలాట మొదలవుతోందో అతనికి ముందే కనిపిస్తుంది. అతనూ జనానికి దూరంనుంచే కనిపిస్తాడు. గుర్రం నెమ్మదిగా పక్కకు జరుగుతూ వస్తే జనం వాళ్లంతట వాళ్లే దారి ఇస్తారు.

ఇంగ్లండులో 1923 ఏప్రిల్ 28న జరిగిన సంగతి చూడండి. లండన్‌లో కొత్తగా కట్టిన వెంబ్లీ స్టేడియంలో అది మొట్టమొదటి ఫుట్‌బాల్ ఫైనల్. సుమారు లక్షా పాతికవేల మందికి సరిపోయే చోటికి రెండు లక్షలకు పైగా వచ్చారని అంచనా. జనం పొర్లి ఆట మైదానం మీదికే వచ్చేశారు. గడ్డి కనబడలేదు. అప్పుడు వచ్చిన పోలీసుల్లో జార్జి స్కోరీ అనే కానిస్టేబులు, అతని గుర్రం బిల్లీ ఉన్నారు. బిల్లీ ఆ జనసముద్రంలో అంగుళం అంగుళం జరుగుతూ, ముట్టెతో మెల్లగా తోస్తూ, మనుషుల్ని గీత అవతలికి పంపింది. తతిమ్మా పోలీసులూ అదే పని చేశారు. ముప్పావుగంట ఆలస్యంగానైనా ఆట జరిగింది. బిల్లీ నిజానికి బూడిదరంగు గుర్రం. నలుపు తెలుపు సినిమాలో తెల్లగా కనబడింది. అందుకే ఆ ఆటకు “తెల్లగుర్రం ఫైనల్” అని పేరొచ్చింది.

ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. ఆ జనం మధ్య బిల్లీ బెదిరి ఉంటే? పోలీసు గుర్రం బరువు 500 కిలోలు, అంతకంటే ఎక్కువా ఉంటుంది. కాళ్లకు ఇనుప నాడాలు ఉంటాయి. అది వెనక్కి ఎగిరి తన్నినా, గుడ్డిగా దౌడు తీసినా ప్రాణాలు పోతాయి. కాబట్టి గుర్రపు పోలీసు నెమ్మదిగా, నిబ్బరంగా ఉండటం అతని ఒక్కడి గొప్పతనానికి సంబంధించిన విషయం కాదు. చుట్టూ నిలబడ్డ పిల్లాజెల్లా క్షేమం దానిమీద ఆధారపడి ఉంటుంది.

పరుగే దాని ఆయుధం

గుర్రానికి ఆవులాగా కొమ్ములు లేవు. పులిలాగా పంజా లేదు. బయలు మైదానాల్లో గడ్డి మేసి బతికే జంతువు. శత్రువు వస్తే దానికున్న మొదటి ఉపాయం పరుగు. పొద కదిలినప్పుడు “గాలి అయి ఉంటుందిలే” అనుకుని నిలబడ్డ గుర్రాల్లో కొన్నిటిని తోడేళ్లు తిన్నాయి. ముందు పరుగెత్తి, తర్వాత వెనక్కి తిరిగి చూసినవి బతికి పిల్లల్ని కన్నాయి. లక్షల సంవత్సరాలు ఇలా సాగిన ఎంపికలో మిగిలిన వాటి సంతతే ఈనాటి గుర్రాలు. ఎగిరిన కాగితం ముక్కకు గుర్రం బెదిరితే అది దాని పిరికితనమూ కాదు, తెలివితక్కువతనమూ కాదు. దాని వంశాన్ని కాపాడిన గుణం అది.

ఆ పరుగుకు దాని శరీరం ఎప్పుడూ సిద్ధమే. తీరిగ్గా నిలబడ్డ గుర్రం గుండె నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకుంటుంది. అంటే మన గుండెకంటే నెమ్మది. అదే గుండె నిండు దౌడులో 200 దాటుతుంది. గుర్రం తన ప్లీహంలో ఎర్ర రక్తకణాలను పెద్దమొత్తంలో దాచి ఉంచుకుంటుంది. భయం కలగగానే ప్లీహం ముడుచుకుని ఆ కణాలను రక్తంలోకి వదులుతుంది. కండరాలకు ఆక్సిజన్ మోసే కూలీల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుందన్నమాట!

గంతలు ఎందుకు కట్టారు?

జట్కాబండి గుర్రం కళ్లకు పక్కన తోలు గంతలు కట్టేవారు. ఎందుకో తెలుసా? గుర్రం కళ్లు మనలాగా ముందుకు కాక, తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే అది తన చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి ఎదురుగా కాస్త చోటు, తోక వెనక కాస్త చోటు మాత్రమే దానికి కనబడవు. పక్కనుంచి, వెనకనుంచి వచ్చే ప్రతి లారీ, ప్రతి గొడుగూ దాని కంటపడుతుంది. గంతలు కడితే ఆ బెడద తగ్గుతుంది.

చెవులు మరీ చిత్రం. ఒక్కొక్క చెవినీ విడివిడిగా తిప్పగలదు. మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాలు దాటిన ధ్వనిని వినలేదు. గుర్రం 33,000 దాకా వినగలదు. రౌతుకు ఏమీ వినిపించని చోట గుర్రం చెవులు నిక్కబొడిచి నిలబడిందంటే, దానికి ఏదో వినిపించి ఉండవచ్చు.

ఇక చర్మం సంగతి. ఈగ వాలితే గుర్రం ఆ ఒక్క చోట మాత్రమే చర్మాన్ని జలదరింపజేసి ఈగను తోలుకోవడం మీరు చూసే ఉంటారు. చర్మం కిందే అందుకోసం పలుచని కండరం ఉంది. ఈగ కాళ్ల బరువును గుర్తుపట్టే చర్మానికి, వీపుమీద కూర్చున్న 60, 70 కిలోల మనిషి తొడలు బిగిశాయో, వదులుగా ఉన్నాయో తెలియకుండా ఉంటుందా?

లెక్కలు చేసిన గుర్రం

గుర్రం మనిషిని ఎంత సూక్ష్మంగా గమనిస్తుందో లోకానికి తెలిసింది ఒక తమాషా వ్యవహారంవల్ల. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో బెర్లిన్ నగరంలో విల్‌హెల్మ్ ఫాన్ ఆస్టెన్ అనే విశ్రాంత ఉపాధ్యాయుడు ఉండేవాడు. ఆయన తన గుర్రం హాన్స్‌కు లెక్కలు నేర్పానని చెప్పేవాడు. “మూడూ నాలుగూ ఎంత?” అని అడిగితే హాన్స్ డెక్కతో నేలమీద సరిగ్గా ఏడుసార్లు తట్టేది. 1904లో పండితుల సంఘం ఒకటి పరీక్షించి, ఇందులో మోసమేమీ లేదని తేల్చింది.

తర్వాత ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు పట్టుదలగా ప్రయోగాలు చేసి 1907లో అసలు గుట్టు బయటపెట్టాడు. ప్రశ్న అడిగేవాడికే జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలిసేది కాదు. అడిగేవాడు కనబడకుండా అడ్డం పెడితే అప్పుడూ తెలిసేది కాదు. ప్రశ్న అడిగి మనిషి కాస్త ముందుకు వంగగానే హాన్స్ తట్టడం మొదలుపెట్టేది. సరైన అంకె రాగానే, ఆ మనిషి తనకు తెలియకుండానే తల రవంత పైకెత్తేవాడు. హాన్స్ ఆపేసేది. ఆ కదలిక చుట్టూ ఉన్నవాళ్లెవరికీ కంటికి ఆనేది కాదు. సంగతి కనిపెట్టాక కూడా, తన తల కదలకుండా ఆపుకోవడం ఫుంగ్‌స్ట్‌కే కష్టమైంది!

హాన్స్‌కు లెక్కలు రావు. కాని మనుషుల్ని చదవడం వచ్చు. కాబట్టి “నాకు భయం లేదు” అని గుర్రం దగ్గర నటించి లాభం లేదు. నటన ముఖంలో ఉంటుంది, నిజం ఒంట్లో ఉంటుంది.

తెరుచుకోని గొడుగు

స్వీడన్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన లిండా కీలింగ్, ఆమె సహచరులు 2009లో ఒక చక్కని ప్రయోగం ప్రచురించారు. కొందరు గుర్రాన్ని చేత్తో పట్టుకుని నడిపించారు, కొందరు ఎక్కి స్వారీ చేశారు. ఒక చోటినుంచి మరో చోటికి నాలుగుసార్లు వెళ్లాలి. మనిషికీ, గుర్రానికీ గుండె వేగం కొలిచే పరికరాలు అమర్చారు. మూడుసార్లు మామూలుగా గడిచింది. నాలుగోసారి బయలుదేరేముందు, “ఈసారి మీరు వెళ్తుండగా దారిలో హఠాత్తుగా గొడుగు తెరుస్తాం” అని మనుషులకు చెప్పారు. కాని గొడుగు తెరవనే లేదు!

ఏమైంది? గుర్రం బెదురుతుందేమోనన్న ఊహకే మనుషుల గుండె వేగం పెరిగింది. వాళ్లతోపాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది. గుర్రాలకు గొడుగు మాట తెలియదు. గొడుగు కనబడలేదు కూడా. వాటికి తెలిసిందల్లా తమ పక్కనో, వీపుమీదో ఉన్న మనిషిలో వచ్చిన మార్పు మాత్రమే. స్వారీ చేసేవాళ్లు తెలియకుండానే పగ్గాలు బిగించి పట్టుకున్నారు కూడా.

భయపడ్డ ఒంట్లో ఏం జరుగుతుంది?

మనం భయపడగానే మూత్రపిండాలమీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి పైపైన ఆడుతుంది. కండరాలు బిగుసుకుంటాయి. దీనికి తోడు మనకు మరో అలవాటుంది. పసిపాప అరచేతిలో మీ వేలు పెట్టి చూడండి, గట్టిగా పట్టేసుకుంటుంది. ఇది ఎవరూ నేర్పని ప్రతిచర్య. పడిపోతామన్న భయం కలిగితే పెద్దయ్యాక కూడా మనం ముందుకు ముడుచుకుని, దొరికినదాన్ని పట్టుకుంటాం.

చెట్టుకొమ్మమీద ఇది మంచిదే. గుర్రంమీద మాత్రం కొంప ముంచుతుంది. ఎలాగంటే, గుర్రానికి నేర్పిన భాషలో కాళ్లతో డొక్కలను నొక్కితే “నడువు” అని అర్థం. పగ్గాలు లాగితే నోట్లోని కళ్లెం బిగిసి “ఆగు” అని అర్థం. భయపడ్డ రౌతు కాళ్లూ బిగిస్తాడు, పగ్గాలూ లాగుతాడు. సైకిలు పెడలు తొక్కుతూనే రెండు బ్రేకులూ పట్టినట్టు! ముందుకు పోనివ్వరు, నిలబడనివ్వరు. పాపం, గుర్రానికి మిగిలిన దారి పైకి లేవడమే. అది లేస్తే రౌతుకు భయం ఇంకా ఎక్కువవుతుంది, ఇంకా బిగిస్తాడు, అది ఇంకా లేస్తుంది.

మీ బడి వార్షికోత్సవంలో మైకును లౌడ్‌స్పీకరు ముందుకు తెస్తే “కుయ్” మని చెవులు చిల్లులు పడేలా కూత వస్తుంది కదా? మైకులో పడిన చిన్న శబ్దం స్పీకరులో పెద్దదై వస్తుంది. అది మళ్లీ మైకులో పడి మరింత పెద్దదవుతుంది. రౌతు భయానికీ, గుర్రం భయానికీ మధ్య జరిగేది సరిగ్గా ఇదే. ఎక్కడో ఒకచోట ఈ గొలుసు తెంచాలి. గుర్రం తనంతట తాను తెంచలేదు. ఆలోచించగలిగినవాడు రౌతు కనుక అతనే తెంచాలి.

ఊపిరి చేతిలో ఉంది

“గుండే, నెమ్మదిగా కొట్టుకో” అని ఆజ్ఞాపిస్తే గుండె వినదు. కాని ఊపిరి అలా కాదు. అది తనంతట తానూ నడుస్తుంది, మనం చెప్పినట్టూ నడుస్తుంది. ఆ ఊపిరి ద్వారా గుండెను కొంత లొంగదీసుకోవచ్చు. మెదడునుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి గుండె వేగానికి కళ్లెంలాంటిది. మనం ఊపిరి వదులుతున్నప్పుడు ఆ కళ్లెం కొంచెం బిగుస్తుంది, పీలుస్తున్నప్పుడు సడలుతుంది.

నమ్మకం లేకపోతే ఇప్పుడే చూడండి. కుదురుగా కూర్చుని, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. మనసులో నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చండి. ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఊపిరి బిగబట్టవద్దు. నాలుగైదుసార్లు చేసేసరికి తేడా తెలుస్తుంది. పీల్చేటప్పుడు నాడి దగ్గర దగ్గరగా, వదిలేటప్పుడు దూర దూరంగా కొట్టుకుంటుంది. ఈ తేడా పెద్దవాళ్లలోకన్నా మీ వయసువాళ్లలో బాగా తెలుస్తుంది.

రౌతు ఊపిరి నిండుగా వదిలితే గుండె నెమ్మదించడమే కాదు, భుజాలు దిగుతాయి, పొట్ట సడలుతుంది, తొడల పట్టు వదులవుతుంది, బరువు జీనులో కుదురుగా దిగుతుంది. గుర్రం చదివేది ఇవన్నీనే. అందుకే రౌతులు తగ్గు గొంతుతో గుర్రంతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటారు. మాట్లాడేవాడు ఊపిరి బిగబట్టలేడు కదా! చూపు విషయమూ అంతే. బెదురు పుట్టించిన వస్తువుకేసి గుడ్లప్పగించి చూస్తే రౌతు తలా, ఒళ్లూ అటే తిరుగుతాయి. తాను పోవలసిన దారికేసి చూస్తే గుర్రానికీ అదే దారి తెలుస్తుంది. గుర్రం మెడను చరచడంకన్నా, జూలు మొదట్లో, మెడ వీపుతో కలిసే చోట గోకడం మేలు. గుర్రాలు ఒకదానినొకటి అక్కడే గోక్కుంటాయి. అక్కడ గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని 1993లో ప్రచురించిన ఒక పరిశోధనలో తేలింది.

ఇదంతా చదివితే వచ్చే విద్య కాదు. శిక్షణలో గుర్రాన్ని పొడవాటి తాడు చివర గుండ్రంగా తిప్పుతూ, కొత్త రౌతును పగ్గాలు లేకుండా, రికాబులు లేకుండా కూర్చోబెడతారు. పట్టుకోవడానికి ఏమీ లేదు కనుక ఒళ్లు సమతూకం నేర్చుకుంటుంది. రోజూ చేయగా చేయగా ఆ పని ఆలోచన అక్కర్లేకుండానే సాగిపోతుంది. పడిపోతానన్న భయం తగ్గినవాడికి పట్టుకోవాలన్న ఆత్రమూ తగ్గుతుంది.

ఫిరంగుల పాఠం

ఇక గుర్రానికి చెప్పే పాఠం. మైసూరు దసరా ఊరేగింపులో ఏనుగులతోపాటు గుర్రపు పోలీసులూ నడుస్తారు. ఆ రోజు ఏడు ఫిరంగులతో 21 గుండ్లు పేలుస్తారు. అందుకని పండుగకు ముందే ఏనుగులనూ, గుర్రాలనూ నిలబెట్టి ఫిరంగులు పేల్చి అలవాటు చేస్తారు. అదొక్కసారితో సరిపోదు, మళ్లీ మళ్లీ చేస్తారు.

హాని చేయని శబ్దం పదేపదే వినిపిస్తే నాడీ వ్యవస్థ దానికి స్పందించడం తగ్గిస్తుంది. పిండిమర పక్క ఇంట్లో పసిపిల్లలు హాయిగా నిద్రపోవడం లేదూ? అయితే ఇందులో ఒక కిటుకుంది. మోతాదు చిన్నదిగా మొదలుపెట్టాలి. జెండా అయినా, డప్పు అయినా, పొగ అయినా మొదట దూరంగా ఉంచుతారు. గుర్రం చూసి, తల దించి, పెదవులు నాకుకుని కుదుటపడ్డాకనే ఒక అడుగు దగ్గరికి. పక్కన అనుభవమున్న ముసలి గుర్రాన్ని నిలబెడితే మరీ మంచిది. గుర్రం మంద జంతువు. పక్కది నిమ్మళంగా ఉంటే దీనికీ ధైర్యం. వీధుల్లో గుర్రపు పోలీసులు జంటగా తిరగడానికి ఇదీ ఒక కారణమే.

కొరడా ఎందుకు పనికిరాదు?

గుర్రం గొడుగును చూసి బెదిరింది. రౌతు కోపంతో ఒక్కటిచ్చాడు. ఇప్పుడు గుర్రానికి తెలిసిందేమిటి? “గొడుగు కనబడితే నొప్పి పుడుతుంది” అని! పావ్‌లోవ్ కుక్కకు గంట మోగగానే నోరూరినట్టు, ఈ గుర్రానికి గొడుగు కనబడగానే గుండె అదురుతుంది. రౌతు తన చేత్తోనే భయాన్ని నేర్పాడన్నమాట. ఈ సంగతి సుమారు 2,400 ఏళ్లకిందట గ్రీకు సేనాని జెనోఫన్ గుర్రపుస్వారీమీద రాసిన గ్రంథంలోనే ఉంది. కోపంగా ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దనీ, బెదిరినదాన్ని కొడితే బెదురు పెరుగుతుందనీ ఆయన హెచ్చరించాడు.

అలాగని గుర్రం ఎటు లాగితే అటు పోనివ్వాలా? “రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లమీద నడుస్తుంది” అని మరో సామెత కూడా ఉందిగా! బెదిరిన గుర్రం గిరుక్కున తిరిగి పారిపోతే దాని భయం తీరుతుంది. పారిపోవడమే మందు అని అది నేర్చుకుంటుంది. కాబట్టి రౌతు దాన్ని పోనివ్వడు, కొట్టడు. నిలబెట్టి చూడనిస్తాడు. ఒక్క అడుగు ముందుకు వేసిందా, ఆ క్షణంలోనే పగ్గం వదులు చేస్తాడు. ఆ వదులే దానికి బహుమానం. క్షణం ఆలస్యమైతే బహుమానం దేనికిచ్చారో గుర్రానికి తెలియదు.

ఈ రెండు సామెతలూ కలిపి చదివితే రౌతు పని ఏమిటో తెలుస్తుంది. చెయ్యి మెత్తగా ఉండాలి, నిర్ణయం గట్టిగా ఉండాలి. అలాంటివాడు పుట్టుకతో ధైర్యశాలి కానక్కర్లేదు. జనం గోలలో, టపాకాయల మోతలో అతని ఒంట్లోనూ అడ్రినలిన్ పొంగుతుంది. తేడా అల్లా, అది పొంగినప్పుడు ముందు ఊపిరి వదలాలని అతను నేర్చుకున్నాడు.

మీ వీధిలో కుక్క గుర్రుమన్నప్పుడో, పశువులపాకలో కొత్త ఆవు బెదిరినప్పుడో మీ భుజాలు ఎక్కడున్నాయో, మీ ఊపిరి ఎలా ఉందో ఒకసారి గమనించండి. ఎదుటి జంతువు అప్పటికే వాటిని గమనించి ఉండవచ్చు!